మంచు కింద మిద్దె

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పెళ్ళి చేసినవాళ్ళ కష్టాలు నలుగురూ చెప్పుకుంటారు. ఇల్లు కట్టినవాళ్ళ కష్టాల్లో సగం మాత్రం నెత్తి మీదే ఉంటాయి, అంటే కప్పులో. గోడ బీటలిస్తే క్యాలెండరు తగిలించి దాచుకోవచ్చు. గచ్చు పగిలితే చాప పరుచుకోవచ్చు. కప్పు కారితే దాచే ఉపాయమే లేదు. ఏ మూల ఏ గిన్నె పెట్టాలో, ఏ చుక్క ఏ బకెట్టులో పడుతుందో ఇల్లాలికి తెలిసినట్టు ఆ ఇల్లు కట్టిన మేస్త్రికి కూడా తెలియదు.

అయినా మనకు డాబా అంటే ప్రాణం. వడియాలు పెట్టాలన్నా, మాగాయ ముక్కలు ఎండాలన్నా, మిరపకాయలు ఆరబోయాలన్నా, వేసవి రాత్రుళ్ళు పక్కలు వేసుకుని నక్షత్రాలు లెక్కపెట్టాలన్నా డాబా ఉండాల్సిందే. అంచేత చదునుగా ఉండే కప్పు ఎండ దేశాల సొత్తు అని మనకో నమ్మకం. మంచు కురిసే దేశాల్లో ఇళ్ళకు నిలువు వాలు కప్పులుంటాయనీ, మంచు దానంతటదే జారిపోతుందనీ క్రిస్మస్ కార్డుల మీది బొమ్మలు చూసి నేర్చుకున్నాం. చాలావరకు నిజమే. కానీ మన దేశంలోకెల్లా కఠినమైన చలి ఎక్కడో, అక్కడే అచ్చంగా మన డాబాల్లాంటి మిద్దెలు వందల ఏళ్ళుగా ఉన్నాయంటే నమ్ముతారా?

లడఖ్ సంగతి చెబుతున్నాను. లేహ్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 11,500 అడుగుల ఎత్తున ఉంది. మన లంబసింగిలో పాదరసం సున్నా దగ్గరికి దిగిందంటే పేపర్లో ఫోటో వేస్తారు. లేహ్‌లో చలికాలపు రాత్రుళ్ళు సున్నాకు దిగువన 20 డిగ్రీల దాకా పడిపోవడం విశేషమేమీ కాదు. అలాంటిచోట ఊరు ఊరంతా మిద్దెలే. 17వ శతాబ్దంలో సెంగే నామ్‌గ్యాల్ రాజు కట్టించిన తొమ్మిది అంతస్తుల కోటకూ చదును కప్పే, దాని కింద ఉండే రైతు ఇంటికీ చదును కప్పే.

ఎందుకలా? కారణం ఆకాశంలో ఉంది. హిమాలయాలు అడ్డంగా నిలబడి రుతుపవనాల తడినంతా అవతలే పిండేసుకుంటాయి. లేహ్‌లో వానా మంచూ కలిపి ఏడాది మొత్తానికి పడేది సుమారు నాలుగు అంగుళాలు. మన కోస్తాలో వాయుగుండం పట్టిందంటే ఒక్కరోజులో కురిసే వాన అది. పడే కాస్త మంచూ పొడిపొడిగా, పిండిలా ఉంటుంది. పడీపడగానే మిద్దెక్కి పారతో తోసెయ్యొచ్చు. ఇక వాలు కప్పు వేయాలంటే బోలెడు కలప కావాలి. అక్కడ చెట్టన్నది ఏటిగట్టున తప్ప కనబడదు. ఉన్నది పోప్లారు, విల్లో. ఆ రెండిటితోనే ఇల్లంతా గడవాలి.

మిద్దె వేసే పద్ధతి చూడండి. గోడ మీంచి గోడ మీదికి పోప్లారు దుంగలు వేస్తారు. వాటికి అడ్డంగా విల్లో పుల్లలు చాపలాగా పేరుస్తారు. వాటి మీద ఎండుగడ్డీ, పొదల రెమ్మలూ పరుస్తారు. ఆ పైన మట్టి మెత్తుతారు. అన్నిటికీ పైన ‘మర్కలక్’ అనే బంకమట్టి పూత. ఏటేటా పగుళ్ళు చూసుకుని మళ్ళీ పుయ్యాలి.

ఇది చదువుతూనే రాయలసీమ ఆడపడుచులు “ఇది మా మిద్దే కదా!” అని ఉంటారు. నిజమే. అనంతపురం, కర్నూలు, కడప పల్లెల్లో పాత మట్టి మిద్దెల పద్ధతి దీనికి కవల సోదరి. దూలాలు, వాటి మీద దంతెలు, వాటి మీద కట్టెలు, ఆకూ అలమూ, ఆపైన మట్టి, చివర చవుడు. చవుడు నేలలో పైరు పండదు గాని మిద్దె మీద మాత్రం బంగారం. నాలుగు చినుకులు పడగానే మెత్తబడి, సందులు తానే పూడ్చుకుని, నీటిని కిందికి దిగనివ్వదు. వానాకాలం ముందు మిద్దెకు చవుడు తోలించడం ఇంటి యజమానికి ఎంత ముఖ్యమో, తోలించావా లేదా అని గుర్తుచేయడం ఇల్లాలికి అంత ముఖ్యం. లడఖ్ హిమాలయాల వాననీడలో ఉంటే అనంతపురం పడమటి కనుమల వాననీడలో ఉంది. ఒకచోట చలి, ఒకచోట ఎండ. వాన తక్కువ కావడం మాత్రం రెండుచోట్లా ఒకటే. ఒకరినొకరు ఎన్నడూ చూడని ఇద్దరు మేస్త్రులు ఒకే కప్పు కట్టారు.

అయితే చలి మాటేమిటి? అక్కడే లడఖ్ గృహిణి తెలివి చూడాలి. కింది అంతస్తులో ఆవులూ, మేకలూ ఉంటాయి. వాటి ఒంటి వెచ్చదనం పైకి వస్తుంది. మేడ మీద వంటగది. చలికాలమంతా ఇంటిల్లిపాదీ మసిలేది ఆ పొయ్యి చుట్టూనే. గోడ పొడుగునా అరల్లో తళతళలాడే ఇత్తడి, రాగి గిన్నెలు పేర్చి ఉంటాయి. ఆ సంగతిలో ఏ దేశపు ఆడవాళ్ళయినా ఒకటే! ఇక మిద్దె మీద వేసవిలో ఆప్రికాట్ పళ్ళు ఎండబెడతారు. హైదరాబాదు పెళ్ళిళ్ళలో ఖుబానీ కా మీఠా చేస్తారే, ఆ ఖుబానీయే. ఆకురాలు కాలం రాగానే పశువుల కోసం కోసిన గడ్డి మోపులు కట్టి మిద్దె నిండా పేరుస్తారు. పిట్టగోడ వెంబడి వంటచెరకు, పిడకలు. పైన గడ్డి, కింద గొడ్లు, మధ్యన మనుషులు. ఇంటికి దుప్పటి కప్పాలని వేరే ఖర్చేమీ పెట్టలేదు, ఎలాగూ దాచుకోవాల్సిన మేతనే కప్పారు. చలి ముదిరే వేళకు గడ్డివామి నిండుగా ఉంటుంది. పశువులు మేసి మేసి అది తరిగేసరికి వసంతం వస్తుంది.

ఇలాంటి కప్పు ఎన్నాళ్ళు నిలుస్తుందంటారా? లడఖ్ పక్కనే హిమాచల్ ప్రదేశ్‌లో స్పితి లోయ ఉంది. అక్కడ తాబో అనే ఊళ్ళో క్రీ.శ. 996లో కట్టిన బౌద్ధ విహారం ఉంది. మట్టి గోడలు, మట్టి మిద్దె. 1996లో వెయ్యేళ్ళ పండుగ చేసుకుంది. లోపలి గోడల మీద చిత్రాలు ఇప్పటికీ ఉన్నాయి. వెయ్యేళ్ళు నిలిచింది మట్టి గొప్పతనం వల్ల మాత్రమే అనుకోకండి. వెయ్యేళ్ళపాటు ఏటా ఎవరో ఒకరు మిద్దెక్కి మట్టి పూస్తూ వచ్చారు. ఆ ఎవరో ఒకరి పేర్లు ఏ శాసనంలోనూ లేవు.

ఇక్కడ కాస్త శాస్త్రం చెప్పుకోవాలి. భయపడకండి, మన బొంత కథే. చలిని ఆపేది దూది కాదు, దూదిలో చిక్కుకుపోయి కదలలేని గాలి. అందుకే కొత్తగా ఏకిన దూదితో కుట్టిన బొంత వెచ్చగా ఉంటుంది. ఏళ్ళ తరబడి అణిగిపోయి అట్టకట్టిన బొంతలో చలి దూరుతుంది. గడ్డి, రంపపు పొట్టు, ఉన్ని, బెండు అన్నిటిదీ ఇదే రహస్యం. రాయికీ కాంక్రీటుకూ ఈ గుణం లేదు. ఒక అంగుళం బెండు ఆపినంత వేడిని కాంక్రీటుతో ఆపాలంటే సుమారు మూడడుగుల మందం పోయాలి! ఇంకో సంగతి. బొంత తడిస్తే ఏమవుతుంది? కప్పుకున్నా ఒకటే, కప్పుకోకపోయినా ఒకటే. కదలని గాలికంటే నీరు సుమారు పాతిక రెట్లు ఎక్కువగా వేడిని లాగేస్తుంది. కనుక చలిదేశపు కప్పుకు పనులు రెండు. ఒకటి వెచ్చగా ఉంచడం. రెండోది ఆ వెచ్చదనమిచ్చే పదార్థాన్ని పొడిగా ఉంచడం. మొదటిది నేర్చుకోవడానికి మనిషికి ఎంతోకాలం పట్టలేదు. రెండోదాని కోసం మాత్రం నిన్నమొన్నటి దాకా అవస్థ పడ్డాడు.

నార్వే రైతులు ఈ రెండు పనులనూ రెండు వస్తువులకు అప్పగించారు. వాళ్ళవి కాస్త వాలుగా ఉండే కప్పులే అనుకోండి. బల్లచెక్కల మీద బిర్చ్ చెట్టు బెరడు పొరలు పొరలుగా పరిచేవారు. ఆ బెరడులోంచి నీరు దిగదు. దాని మీద గడ్డి వేళ్ళతో సహా కోసి తెచ్చిన మట్టిపెళ్ళలు రెండు వరసలు వేసేవారు. బెరడు నీటిని ఆపేది, పచ్చిక బెరడును కదలకుండా అదిమిపెట్టి చలిని ఆపేది. ఎండ తగిలితే బెరడు ముడుచుకుపోతుంది. అంచేత పని చకచకా ముగియాలి. ఇరుగుపొరుగు అంతా కలిసివచ్చి సాయం పట్టేవారు. మన పల్లెల్లో ఇంటికప్పు నేసేనాడు ఊరంతా వచ్చి చెయ్యివేసి, ఆ ఇంటి భోజనం తిని వెళ్ళినట్టే.

పట్టణాల్లో అసలు సిసలు చదును కప్పు కథ జర్మన్ల దేశంలో మొదలైంది. సైలీషియా ప్రాంతంలో హిర్ష్‌బెర్గ్ అని ఓ ఊరుండేది, ఇప్పుడది పోలండులో ఉంది. ఆ ఊరి సామ్యూల్ హాయిస్లర్ అనే ఆయన 1839 ప్రాంతంలో ఓ చవకైన ఉపాయం కనిపెట్టాడు. దళసరి కాగితాన్ని తారులాంటి పాకంతో పొర మీద పొరగా అంటించి, పైన ఇసుక, గులకరాయి పోశాడు. పూతరేకుల్లాగా అన్నమాట, తీపి తప్ప. దానికి ‘కొయ్య సిమెంటు’ అని పేరు పెట్టారు. కాగితానికి ఎండదెబ్బ, మంచుదెబ్బ తగలకుండా గులకరాళ్ళు కాపాడేవి. బెర్లిన్‌లో కూలీలూ చిన్న ఉద్యోగులూ అద్దెకుండే ఇళ్ళ మీద ఇలాంటి కప్పులు విరివిగా వేశారు. గాలికి ఎగిరివచ్చిన విత్తనాలు ఆ ఇసుకలో మొలిచి కొన్ని కప్పుల మీద పచ్చిక దానంతటదే పెరిగింది. కార్ల్ రాబిట్స్ అనే బెర్లిన్ మేస్త్రికి ఇది చూడముచ్చటగా తోచింది కాబోలు, తోట పెంచుకునే చదును కప్పు నమూనా తయారుచేసి 1867లో ప్యారిస్ ప్రపంచ ప్రదర్శనలో పెట్టాడు.

ఇక్కడికి కథలో కథానాయకుడు వస్తాడు. ఆయన పేరు మనకు కొత్తది కాదు. చండీగఢ్ నగరాన్ని తీర్చిదిద్దిన లే కార్బూజియే. పుట్టింది 1887లో, స్విట్జర్లాండులో సుమారు 3,300 అడుగుల ఎత్తున ఉన్న లా షో ద ఫోన్ అనే ఊళ్ళో. మంచు విపరీతంగా పడే ఊరది. అలాంటి ఊళ్ళో పుట్టినవాడు, వాలు కప్పు పనికిరాదు, మంచుదేశానికి చదును కప్పే తగినదని వాదించాడు. పిచ్చివాదం అనిపిస్తుంది. ఆయన చెప్పిన కారణం మాత్రం వినదగ్గది.

పూర్వం ఒక్క గదిలోనే పొయ్యి మండేది. ఇంటికప్పు చల్లగానే ఉండేది. దానిమీద పడ్డ మంచు కరగక, దుప్పటిలా అలాగే పడుండేది. తర్వాత ఇల్లంతా వేడినీటి గొట్టాలతో వెచ్చబరిచే పద్ధతి వచ్చింది. కప్పు వెచ్చబడింది. దానిమీది మంచు అడుగునుంచి కరిగి, వాలు వెంట జారి, చూరు దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ గడ్డకట్టేది. చూరంతా ఐసు కట్ట. వెనక నుంచి వచ్చే నీటికి దారిలేక పెంకుల సందుల్లోంచి ఇంట్లోకి దిగేది. అలాంటప్పుడు కప్పును చదునుగా చేసి, మధ్యకు కాస్త వాటం ఇచ్చి, నీటిగొట్టాన్ని ఇంటి లోపలినుంచే దింపితే? వెచ్చటి ఇంట్లోంచి పోయే గొట్టంలో నీరు గడ్డకట్టదు. కాంక్రీటు పగలకుండా పైన ఇసుకా మట్టీ వేసి, గడ్డి పెంచితే ఎండకూ చలికీ చూరు బిగుసుకోవడం, సాగడం తగ్గుతుంది. తర్కంలో తప్పులేదు. 1916, 17ల్లో సొంత ఊళ్ళోనే చదును కప్పు మేడ ఒకటి కట్టి చూపించాడు కూడా.

తర్వాత 1923, 24ల్లో లెమాన్ సరస్సు ఒడ్డున కోర్సో గ్రామంలో తల్లిదండ్రుల కోసం ఓ చిన్న ఇల్లు కట్టాడు. మొత్తం 64 చదరపు మీటర్లు, అంటే ఏడువందల చదరపు అడుగులకు దగ్గర. మన రెండు గదుల ఫ్లాటంత. సరస్సు కనబడేలా పదకొండు మీటర్ల పొడుగు కిటికీ. నెత్తిమీద మట్టి పోసి పెంచిన పచ్చిక. పాపం, తండ్రి రెండేళ్ళకే పోయాడు. తల్లి మాత్రం పియానో పాఠాలు చెప్పిన మనిషి, గట్టిది. 1960లో కన్నుమూసేదాకా, నిండు నూరేళ్ళకు దగ్గరపడేదాకా ఆ ఇంట్లోనే ఉంది. గోడలు బీటలిచ్చాయి, 1950ల్లో ఒకవైపు రేకు తొడిగారు. అయినా కొడుకు కట్టిన ఇల్లు, కొడుకు వచ్చి చూసుకునేవాడు. కప్పు మీద గడ్డి పెరుగుతూనే ఉంది.

అందరు ఇల్లాళ్ళకూ అంత అదృష్టం ఉండొద్దూ! ప్యారిస్ పక్కన ప్వాసీలో యూజెనీ సావోయ్ అనే ఆవిడ ఉండేది. భర్త పియర్‌తో కలిసి, సెలవులకు వచ్చి ఉండే ఇల్లొకటి కట్టిపెట్టమని ఇదే కార్బూజియేను అడిగింది. 1928లో మొదలై 1931కి పూర్తయిన ఆ ఇల్లు తెల్లగా, సన్నటి స్తంభాల మీద, గాలిలో తేలుతున్నట్టు ఉంటుంది. ప్రపంచంలో వాస్తుశిల్పం చదువుకునే విద్యార్థులంతా దాని బొమ్మ గీస్తారు. పైన చదును కప్పు, మిద్దెతోట.

మొదటి వానలకే కప్పు కారింది. ఇల్లాలు ఉత్తరం రాసింది. మళ్ళీ కారింది. మళ్ళీ రాసింది. హాల్లో కారుతోందనీ, ఏటవాలు దారిలో కారుతోందనీ, గ్యారేజీ గోడ నానిపోయిందనీ, స్నానాలగది మీది అద్దాల కిటికీ మీద వాన పడితే ఆ చప్పుడుకు నిద్ర పట్టడంలేదనీ ఆవిడ ఉత్తరాలు ఏళ్ళ తరబడి సాగాయి. ఆయనేమో బాగుచేయిస్తానంటూనే, కింద హాల్లో బల్ల మీద ఓ పుస్తకం పెట్టి, ఇల్లు చూడవచ్చినవాళ్ళందరి పేర్లూ చిరునామాలూ రాయించుకోండి, ఎంత గొప్ప గొప్ప సంతకాలు పోగవుతాయో చూడండి అని సలహా ఇచ్చాడు! నెత్తిన నీళ్ళు కారుతున్న ఇల్లాలికి సంతకాల పుస్తకం! 1937లో ఆవిడ ఇక లాభంలేదని, ఈ ఇల్లు కాపురానికి పనికిరాదు, వెంటనే బాగుచేయండి, కోర్టుదాకా పోనివ్వకండి అని ఖరాఖండిగా రాసింది. వ్యాజ్యం నడవకముందే యుద్ధం వచ్చింది. 1940లో ఆ కుటుంబం ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. సైనికులు వాడుకున్నారు. ఆ తర్వాత కూల్చేసి బడి కట్టాలనుకున్నారు. కళాభిమానులు అడ్డుపడితే 1965లో చారిత్రక కట్టడమని ప్రకటించారు. 2016లో సావోయ్ మేడనూ, సరస్సు ఒడ్డున తల్లి ఇంటినీ, మన చండీగఢ్‌లోని శాసనసభ సముదాయాన్నీ యునెస్కో ఒకే వరసలో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇప్పుడు ప్వాసీ ఇల్లు చూడ్డానికి ఎంతోమంది వెళ్తారు. టిక్కెట్టు కొని, చూసి, సాయంత్రానికి ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోతారు. రాత్రి అక్కడ పడుకునే పని వాళ్ళకు లేదు.

సావోయ్ ఇంటి వాన పైనుంచి పడ్డది. అసలైన చలిదేశాల్లో ఇంకో వాన ఉంది. అది ఇంట్లోంచే పడుతుంది. చిత్రంగా ఉంది కదూ!

వేడివేడి అన్నం గిన్నె మీద పళ్ళెం మూసి పది నిమిషాలాగి తియ్యండి. పళ్ళెం లోపలివైపు చెమట పట్టి ఉంటుంది. టొరంటోలోనో, చికాగోలోనో పిల్లల దగ్గర చలికాలం గడిపివచ్చిన తల్లులకు ఇది బాగా తెలుసు. పప్పు కుక్కరు మూత తీయగానే కిటికీ అద్దాలు కమ్ముకుపోతాయి. నలుగురున్న ఇంట్లో వంట, స్నానాలు, ఆరేసిన బట్టలు, ఊపిరి అన్నీ కలిపి రోజుకు పది లీటర్లకు అటూ ఇటూగా నీటి ఆవిరి పుడుతుందని లెక్క. 20 డిగ్రీల గాలి ఘనమీటరుకు 17 గ్రాముల నీటిని ఆవిరిగా మోయగలదు. అదే గాలి సున్నాకు దిగువన 10 డిగ్రీలకు చల్లబడితే రెండు గ్రాముల చిల్లర మాత్రమే మోస్తుంది. మిగిలిన నీరు ఎక్కడికి పోవాలి? వెచ్చటి గాలి సందుల్లోంచి కప్పులోకి ఎక్కి, చల్లటి చెక్కకు తగిలి, అక్కడే నీరై, రాత్రికి మంచై కూర్చుంటుంది. వసంతంలో కరిగి చుక్కలు చుక్కలుగా రాలుతుంది. ఇంటివాళ్ళు కప్పు చిల్లుపడిందని పైన తారు పూస్తారు. పూసినకొద్దీ లోపలి తడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. దూది తడుస్తుంది, చెక్క కుళ్ళుతుంది.

పాత వాలు కప్పుల కింద అటక ఉండేది. అందులో గాలి ఆడి తడిని ఎత్తుకుపోయేది. చదును కప్పులో అటక లేదు. బల్లల కింద దూది నొక్కి, పైన జానెడు సందు వదిలితే గాలి సరిగా ఆడదు. ఇరవయ్యో శతాబ్దంలో చలిదేశాల్లో వేసిన ఎన్నో చదును కప్పులు ఇలాగే లోపల్లోపల పుచ్చిపోయి చెడ్డపేరు మూటగట్టుకున్నాయి.

విరుగుడు ఆ అన్నం గిన్నె దగ్గరే దొరికింది. పళ్ళెం మీద మందపాటి తువాలు కప్పి చూడండి. పళ్ళెం వెచ్చగా ఉంటుంది, చెమట తగ్గుతుంది. అంతే! దుప్పటిని కప్పు కింద కాక, కప్పు పైన వెయ్యాలి. కింద చెక్కో కాంక్రీటో. దానిమీద ఆవిరిని పైకి పోనివ్వని పొర, తారు పూసిన అట్టగాని, ప్లాస్టిక్కు గాని. దానిమీద దళసరిగా వెచ్చటి పదార్థం. ఆ పైన నీరు దిగనివ్వని పొర. అన్నిటికీ పైన గులకరాయో, మట్టీ గడ్డో. చదును అంటామే గాని నలభై అడుగులకు ఒక అడుగు చొప్పునైనా వాటం ఉండాలి. ఆవిరి పొర వెచ్చటివైపున ఉండడమే ఇందులో కీలకం. అది తారుమారైందా, దుప్పటి తడిసినట్టే.

ఆ వెచ్చటి పదార్థం కూడా తరానికొకటి మారింది. మొదట బెండు పలకలు. వాటిని ఐసు ఫ్యాక్టరీల, శీతల గిడ్డంగుల గోడలకు వాడేవారు. తర్వాత రాతిని కరిగించి తీసిన ఉన్ని, గాజు ఉన్ని. 1940ల తర్వాత నురగలాంటి ప్లాస్టిక్ పలకలు. వీటిలో కొన్ని నీటిని పీల్చవు. అందుకే 1960ల తర్వాత కొందరు ఏకంగా నీరాపే పొరకు పైనే వాటిని పరిచి, రాళ్ళు పెట్టి అదిమారు. తారు పొరకు ఎండా మంచూ తగలవు. బెరడు మీద పచ్చిక వేసిన నార్వే రైతు చేసింది సరిగ్గా ఇదే కదా!

అయినా 1973 దాకా ఎవరూ దుప్పటి మందం గురించి పెద్దగా పట్టించుకోలేదు. చమురు చవక. చలేస్తే ఇంకాస్త మండించేవారు. ఆ ఏడాది అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు బిగించాయి, ధర నాలుగింతలైంది. అప్పుడు అందరి చూపూ ఇంటికప్పు మీద పడింది. స్వీడన్, ఫిన్లండు వంటి దేశాల్లో నేడు కొత్త ఇళ్ళకు అడుగు మందం, అంతకు పైన కూడా వేస్తున్నారు.

మరి లడఖ్ మిద్దె సంగతి? కాలం అక్కడికీ వచ్చింది. రోడ్లు పడ్డాయి. సిమెంటు లారీలు ఎక్కాయి. కాంక్రీటు స్లాబు వేస్తే ఏటేటా మట్టి పూసే చాకిరీ ఉండదు. పైగా 2010 ఆగస్టు 5 రాత్రి తెల్లవారితే 6 అనగా లేహ్ మీద మబ్బు విరిగిపడింది. బురద వరదల్లో రెండు వందల మందికి పైగా చనిపోయారు. ఎన్నో మట్టి ఇళ్ళు కొట్టుకుపోయాయి. అది చూసినవాళ్ళు మట్టిని నమ్మాలంటే భయపడ్డారంటే తప్పుపట్టగలమా? వాన తక్కువన్న నమ్మకం మీద కట్టిన కప్పులవి. ఆ నమ్మకమే సడలింది. స్లాబో, రేకో వేయించుకుంటున్నారు.

కానీ ఒట్టి స్లాబుకు బొంత గుణం లేదని మనం చెప్పుకున్నాం. వాన ఆగింది, చలి దిగింది. కింద పశువులు లేవు, పైన గడ్డివామి లేదు. ఉన్నదల్లా పొయ్యి. అందులోకి కట్టె, పిడక, బొగ్గు, కిరసనాయిలు ఏదో ఒకటి ఆరునెలలూ పొయ్యాల్సిందే. ఆ పొయ్యి ముందు కూర్చుని పొగ పీల్చేది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. అంచేత అక్కడివాళ్ళు మధ్యేమార్గం వెతుకుతున్నారు. 1988లో సోనమ్ వాంగ్చుక్, ఆయన మిత్రులు మొదలుపెట్టిన సెక్‌మోల్ సంస్థ, ఫే గ్రామం దగ్గర సింధునది ఒడ్డున మట్టిని దిమ్మెసతో కొట్టి బడి కట్టింది. దక్షిణం వైపు అద్దాలు, పగలంతా ఎండను పట్టి రాత్రికి దాచుకునే మందపాటి గోడలు. అలాగే లడఖ్ ఇళ్ళలో కప్పు సందున గడ్డి, రంపపు పొట్టు వంటివి దట్టించే పద్ధతులు కూడా వచ్చాయి. అమ్మమ్మ మిద్దె మీద పేర్చిన గడ్డి మోపే, ఇప్పుడు కప్పు లోపలికి వెళ్ళి కూర్చుందన్నమాట.

మనకెందుకీ మంచు గోల అంటారేమో! వేడిని బయటికి పోనివ్వని దుప్పటే వేడిని లోపలికి రానివ్వదు కూడా. మే నెల రాత్రి పదింటికి మన స్లాబు కింద ఫ్యాను వేసుకుంటే పెనం మీంచి వచ్చే గాలిలా ఉంటుంది. చవుడు మిద్దె కింద పెరిగిన పెద్దవాళ్ళు, ఆ రోజుల్లో ఇంత ఉక్క లేదమ్మా అంటే మనం నవ్వుకుంటాం గాని, వాళ్ళ నెత్తిమీద అడుగు మందం మట్టీ ఆకూ అలమూ ఉండేవి, మన నెత్తిమీద అయిదంగుళాల కాంక్రీటు ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానమని ఒకటి ప్రకటించి, ఎండను తిప్పికొట్టే తెల్లపూతలను ప్రోత్సహిస్తోంది. అది మంచి మొదలే. పూతకు తోడు కాస్త దుప్పటి కూడా ఉంటే ఇంకా మంచిది.

ఇల్లు కట్టేటప్పుడు గేటు డిజైను గురించీ, పూజగది తలుపు చెక్కడం గురించీ, వంటింటి టైల్సు రంగు గురించీ మన అభిప్రాయం అడుగుతారు. సంతోషం. కప్పు గురించి మాత్రం ఎవరూ అడగరు, అది మగవాళ్ళ సంగతన్నట్టు ఇంజనీరుగారూ మేస్త్రీ తేల్చేస్తారు. సావోయ్ ఇంటి ఇల్లాలినీ ముందుగా అడిగి ఉంటే బాగుండేది. ఈసారి స్లాబు పోసే రోజున కొబ్బరికాయ కొట్టి, పనివాళ్ళకు టిఫిను పెట్టి, లోపలికి వెళ్ళిపోకండి. అక్కడే నిలబడి మేస్త్రిని రెండే మాటలు అడగండి: “దీని మీద దుప్పటి ఏమిటి నాయనా? అది తడవకుండా ఏం చేస్తున్నావు?”